వాకిట నిలిచిన జంగమము



కల్యాణ పట్టణమున జరిగిన యొక సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభించెదను. శూన్య సంపాదనము చదివిన వారికిది క్రొత్త కాదు. అల్లమ ప్రభుదేవుడు సొన్నలిగె సిద్ధరామునితో గూడి కల్యాణమునకు విచ్చేసి, బసవేశ్వరుని మహామనె వాకిట నిలిచెను. ఆ వేళ బసవేశ్వరుడు లోపల ఇష్టలింగ పూజలో నుండెను. ప్రభువు వచ్చినాడను వార్త చెవిని బడినది. పూజ నడుమ లేచుట యెట్లని యెంచి, హడపద అప్పన్నను బంపి లోనికి దోడ్కొని రమ్మనెను. ప్రభువు కదలలేదు. అప్పుడు చెన్నబసవన్న తన మేనమామకు తెలియజెప్పెను. వాకిట జంగమము నిలిచియుండగా లోన లింగపూజ సాగించుట పూజ యనిపించుకొనదని యా మాటల సారాంశము. బసవేశ్వరుడు దిగ్గున లేచి స్వయముగా వాకిటికి వచ్చి ప్రభువు పాదములపై వ్రాలెను.

ఈ కథలో నన్నెప్పుడును ఆశ్చర్యపరచునది ప్రభువు పట్టుదల కాదు. బసవేశ్వరునంతటి వానికి పొరపాటు దొరలిన చోటు. ఆయన నిద్రించుచుండలేదు, భుజించుచుండలేదు, బిజ్జలుని భాండాగారపు లెక్కలు చూచుకొనుచుండలేదు. పూజలో నుండెను. చెడ్డపనిలో నున్నవానికి నేడో రేపో సిగ్గు కలుగును. మంచిపనిలో మునిగియున్నవానికి తన తప్పు తనకు గానరాదు. ఇంకొకరు వచ్చి చెప్పవలెను. బసవేశ్వరుని గొప్పతనము, చెప్పినవాడు తనకంటె చిన్నవాడైనను వినుటలో నున్నది.

పాఠశాలలను నడుపువారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ కథ నెత్తుకొంటిని. మన కుటుంబములలో ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు తక్కువ కాదు. మన మఠములు పాఠశాలలను, వసతి గృహములను నడపుట నేటి మాట కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామివారు, 2019 జనవరిలో 111 యేండ్ల వయసున లింగైక్యమగు వరకును, వేలకొలది బాలురకు కులమత విచారణ లేక అన్నము, అక్షరము, ఆశ్రయము నొసగిన త్రివిధ దాసోహము లోకమెరిగినదే. అంతటి పెద్దలను దలచుకొన్నప్పుడు, పది తరగతుల చిన్నబడికి ప్రధానోపాధ్యాయుడై కూర్చున్నవాడు తన కుర్చీని గూర్చి యేమి యోచింపవలెనను ప్రశ్న కలుగుట సహజము.

నేనును కొంతకాలము అట్టి కుర్చీలో కూర్చుంటిని. శాశ్వత ప్రధానోపాధ్యాయులు బదిలీపై వెళ్లగా, తెలుగు పండితుడనైన నాకు బాధ్యతలు అప్పగింపబడినవి. బడి పేరు ఇచట అవసరము లేదు.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడ ఉత్తర భాగమును ముంచివేసినది. మరునాడు ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినది. 1957లో ఆ బ్యారేజి కట్టిన తరువాత అంత నీరు పోవుట యెన్నడును లేదు. సింగునగరు మొదలైన పేటలలో ఇండ్లలోని నీరు దినముల తరబడి తీయలేదు. నీరు తగ్గి బడులు తెరచిన పిమ్మట మాకు పని పదింతలైనది. ఎందరు పిల్లలు వచ్చిరి, ఎన్ని పుస్తకములు పోయినవి, వంటగదిలో నెన్ని బస్తాలు తడిసినవి, మరుగుదొడ్లు శుభ్రపడినవా, వాని ఛాయాచిత్రములేవి - ఇవన్నియు సెల్ ఫోనులో నింపి గంటగంటకు పంపవలెను. ఆ పని అక్కరలేనిదని నేననను. పుస్తకముల లెక్క పంపనిదే పుస్తకములు రావు. అది పూజ వంటిదే.

ఆ దినములలో ఏడవ తరగతి బాలుడొకడు నా గది వాకిట నిలిచెను. నేను తల యెత్తకయే "తర్వాత రా నాన్నా, పనిలో ఉన్నాను" అంటిని. మరునాడును వచ్చెను. మరునాడును అదే మాట. మూడవనాడు రాలేదు. తరువాత తొమ్మిది దినములు బడికే రాలేదు. తరగతి ఉపాధ్యాయిని చెప్పగా, ఒక సాయంకాలము వాని యింటికి వెళ్లితిని.

గోడలపై నిలువెత్తున బురదగీత యున్నది. వాడు పెరటిలో నోటుపుస్తకముల కాగితములను ఒక్కొక్కటిగా విప్పి, బురద కడిగి, బట్టలారవేయు తీగపై క్లిప్పులు పెట్టి ఆరవేయుచుండెను. వాని తల్లి మోడా తెచ్చి వేసి నిలుచున్నది. ఎందులకు బడికి రాలేదమ్మా యంటిని.

"యూనిఫారం బురదలో పోయిందండీ. రంగు బట్టలతో వస్తే ప్రార్థనలో నిలబెట్టేస్తారని భయపడ్డాడు. మిమ్మల్ని అడిగి వస్తానని రెండు రోజులు వెళ్లాడంట మాస్టారూ. మీరు పనిలో ఉన్నారని చెప్పాడు."

ఆమె మాటలో నిష్ఠురము లేదు. ఉన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది. పనిలో నుండుట పెద్దల లక్షణమని యామె నమ్మకము. నాకు బసవేశ్వరుని వాకిలి జ్ఞప్తికి వచ్చినది. కాని యక్కడ చెన్నబసవన్న యుండెను. నాకు చెన్నబసవన్న తీరికగా రెండు నెలలకు దొరకెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఇచట పండితుని చాదస్తముగా నొక మాట. 'సానుభూతి' యను పదమును మనము జాలి యను నర్థమున వాడి వాడి అరగదీసితిమి. ఇటీవల విద్యావేత్తలు 'సహానుభూతి' యనుచున్నారు. ఈ రెండును వేరు. బుడమేరు గట్టుపై నిలిచి మునిగిన యిండ్లను జూచి అయ్యో యనుట మొదటిది. నడుములోతు నీటిలో దిగి, కాలి క్రింద నేమున్నదో తెలియక తడబడుచు, ఆ యింటి గుమ్మము వరకు పోవుట రెండవది. 'అనుభూతి', 'అనుభవము' ఒక్క ధాతువు నుండి పుట్టినవి. బసవేశ్వరుని సభకు అనుభవ మంటపమని పేరు. పండిత మంటపమనలేదు, ఆజ్ఞా మంటపమనలేదు. అచ్చట చాకలి మాచయ్య తన రేవు సంగతి చెప్పుచుండగా మంత్రి వినెను. పడవ నడుపు అంబిగర చౌడయ్య, పసులగాచు రామన్న, వడ్లగింజ వలె బియ్యపుగింజల నేరుకొని బ్రదుకు మారయ్య, వాని భార్య లక్కమ్మ - ఎవరి యనుభవము వారిది, అందరును వినదగినవారే. సభ కధ్యక్షుడు ప్రభుదేవుడు. ఆయన మద్దెల వాయించు కులమున బుట్టినవాడని కథలు చెప్పుచున్నవి. మన బడులలో నెలకొకమారు జరుగు ఉపాధ్యాయుల సమావేశమును దీని ప్రక్కన నిలిపి చూడుడు. ప్రధానోపాధ్యాయుడు ఉత్తరువులు చదువును. తక్కినవారు సంతకము చేయుదురు. వంట చేయు అమ్మను, వాకిలి యూడ్చు ఆయాను ఆ గదిలోనికి పిలిచిన సమావేశమును నేను ముప్పది యేండ్లలో చూడలేదు. ఏ పిల్లవాడు అన్నము తినక పారవేయుచున్నాడో, ఏ బాలిక గోడ వెనుక కూర్చుండి యేడ్చినదో మొదట తెలియునది వారికే గదా.

పరుల బాధను తనదిగా జేసికొనుటకు పాల్కురికి సోమనాథుని బసవ పురాణమునందలి బెజ్జమహాదేవి కథను మించినది నాకు తెలియదు. ఆ ముగ్ధురాలు శివునికి తల్లి లేదని యొకనాడు గ్రహించెను. తల్లి యున్నచో కొడుకును విషము త్రాగనిచ్చునా, పాములు చుట్టుకోనిచ్చునా, తోలు కప్పుకొని వల్లకాటిలో తిరుగనిచ్చునా యని యామె గుండె తల్లడిల్లెను. ఆ యెడతెగని తలపుతో తానే తల్లి యయ్యెను. లింగమునకు నూనె యంటి నీళ్లు పోసెను, కాటుక పెట్టెను, పాలు పట్టెను. మనమందరము శివుని విభూతులను జూచి చేతులు జోడించితిమి. ఆమెకు మాత్రము ఆ విభూతుల వెనుక అమ్మలేని పిల్లవాడు కనబడెను.

బడిలో అల్లరిచేయు వానిని, మాట వినని వానిని, ముక్కున కోపముండు వానిని చూచినప్పుడు మనకు కనబడునది పామును తోలును మాత్రమే. ఎవరు లేక వీడిట్లయ్యెనని బెజ్జమహాదేవి వలె అడిగినవారు అరుదు. గుజరాతున భావనగరమున గిజుభాయి బధేకా యని యొకరుండిరి (1885-1939). వకీలు వృత్తి మాని 1920లో బాలమందిరము స్థాపించెను. ఆయన 'దివాస్వప్నము' తెలుగున 'పగటి కల' గా వచ్చినది. చదువని యుపాధ్యాయులు తప్పక చదువవలెను. ఆయనను జనులు ముద్దుగా 'మీసాల తల్లి' యని పిలిచిరట. ఆ బిరుదు వినినప్పుడెల్ల బసవ పురాణమున చోటు దొరకదగిన మనిషి యనిపించును.

ఇక నా చెన్నబసవన్న సంగతి. మన బడులలో బాలల దినోత్సవము వచ్చినప్పుడు స్వపరిపాలన దినమని యొకటి జరుపుదురు. ఆ దినము పిల్లలే యుపాధ్యాయులు. ఆ యేడు పదవ తరగతి బాలిక యొకతె ప్రధానోపాధ్యాయినిగా నా కుర్చీలో కూర్చున్నది. మేమందరము వాకిట నిలిచి చూచుచుంటిమి. ఆ పిల్ల కండ్లజోడు ముక్కు కొనకు జార్చి, చేతిలో ఫోనును పైకి క్రిందికి త్రిప్పుచు, గుమ్మమున నిలిచిన వారిని తలయెత్తి చూడక, "తర్వాత రా నాన్నా, పనిలో ఉన్నాను" అన్నది. గొంతు, దగ్గు, నిట్టూర్పు అన్నియు నావే. బడి యంతయు గొల్లుమన్నది. అందరికంటె బిగ్గరగా నవ్వినవాడు ఆ యేడవ తరగతి బాలుడే. నేనును నవ్వితిని. నవ్వుచుండగనే, ఇది ఒక్క బాలుని సంగతి కాదని, ఆ మాటయే నా పేరైపోయినదని తెలిసినది. వాని తల్లి మాట విని బాధపడితిని గాని, నన్ను నేను చూచుకొన్నది ఆ పిల్ల యాటలోనే.

ఆట వలన ఇంత పని జరుగునని మన పెద్దలకు తెలియక కాదు. మన కృష్ణాతీరపు కూచిపూడియే చాలును. అచ్చట మగవాడు జడ వేసికొని సత్యభామయై రంగము మీదికి వచ్చును. వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935-2012) భామ వేషమున నిలిచినప్పుడు పురుషుడని చెప్పినను నమ్మనివారుండిరి. వేషము కట్టుట యనగా నొక గడియ సేపు ఇంకొకరి యలుకను, ఇంకొకరి విరహమును తన యొంటిపై మోయుట. ఏడాదికొక్క దినము పిల్లలు మన వేషము కట్టుచున్నారు. మనము పిల్లల వేషము కట్టు దినమేది? ప్రధానోపాధ్యాయుడొక పూట ఆరవ తరగతి చివరి బల్లపై కూర్చుండి ఏడు పీరియడ్లు వరుసగా వినిన చాలును. నడుము నొప్పితో పాటు చాల సంగతులు తెలియును. నేను చేసి చూచితిని. నాలుగవ పీరియడుకు నాకే నిద్ర వచ్చినది. అది నా సహోపాధ్యాయుల తప్పు గాదు. ఆ గదిలో పంకా లేదు. వేసవి నుండియు లేదట. నా గదిలో రెండున్నవి.

ఆటయన్న పెద్దరికమునకు భంగమని కొందరి భయము. కుమ్మరి గుండయ్య కథను హరిహరుడు కన్నడమున రగళెగా రచించెను. గుండయ్య కుండలు చేయును. చేసిన కుండను తట్టి చూచునప్పుడు పుట్టు ధ్వనియే ఆయనకు తాళము. ఆ తాళమునకు తానే చిందులు వేయును. ఆ యాట చూచి శివుడు కైలాసమున నిలువలేక దిగివచ్చి కుమ్మరి వాకిట నాట్యమాడెను. గమనింపదగినది, గుండయ్య పని మాని యాడలేదు. పని చేయుచునే యాడెను. ఆయన కుండలు పగిలినవని యెవరును చెప్పలేదు.

రాజమహేంద్రవర కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరను మన పెద్దలు మరువలేదు. ఆంగ్లేయ ప్రభుత్వపు కొలువు, పెద్ద పదవి. అయినను విద్యార్థులను వెంటబెట్టుకొని బొమ్మలు గీయుచు గోదావరి యొడ్డున తిరిగెడివాడు. చదువులో మందుడని యెంచబడిన దామెర్ల రామారావు (1897-1925) చేతిలోని కుంచెను గుర్తించి, బొంబాయి చిత్రకళాశాలకు బంపినది ఆయనయే. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. ఆ బాపిరాజుగారే పిదప బందరు జాతీయ కళాశాలలో చిత్రలేఖనము నేర్చి, కొన్నాళ్లకు ఆ కళాశాలకే ప్రధానాచార్యులైరి. కుర్చీ దిగి యాడిన యొక గురువు, ఇంకొక గురువును కనెను.

బందరు జాతీయ కళాశాల పేరు వచ్చినది గనుక దానిని దాటిపోజాలను. కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాద వృత్తిని వదలుకొని, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లతో గూడి 1910లో ఆ సంస్థను తెరచిరి. పుస్తకముల చదువుతో బాటు నేత, వడ్రంగము, చిత్రలేఖనము వంటివి అచ్చట విద్యలే. పింగళి వెంకయ్యగారు అచ్చట అధ్యాపకులు. విశ్వనాథ సత్యనారాయణగారును కొంతకాలమచ్చట బోధించిరి. హనుమంతరావుగారు 1922లో కన్నుమూయు వరకు ఆ బడికే యొడలు ధారపోసిరి. వారు వీరశైవులు కారు. బసవేశ్వరుని వచనములు చదివిరో లేదో నేను చెప్పజాలను. కాని చేతిపనిని చదువుతో సమముగా కూర్చుండబెట్టుట కంటె కాయకతత్త్వము వేరొకటి లేదు. నేనేల ఈ పని చేయుచున్నానను ప్రశ్నకు వారి యొద్ద సమాధానముండెను. ఆ సమాధానమున్నవానికి జీతము తక్కువైనను, విరాళముల కొరకు ఊరూర తిరుగవలసి వచ్చినను అలసట యుండునేమో గాని విసుగుండదు.

నేడు మన డెల్టా బడులను నడుపువారిలో నాకు కనబడుచున్నది అలసట కాదు, విసుగు. దీనికి వారినే నిందించుట అన్యాయము. విజయవాడ చుట్టును, గన్నవరము దారి మొదలు ఇబ్రహీంపట్నము దాక, పెద్దపెద్ద ప్రవేశపరీక్షల చదువుల భవనములు లేచినవి. కూడళ్లలో ర్యాంకుల ఫలకములు వ్రేలాడును. ఆ భవనములలో ప్రధానాచార్యుడై కూర్చున్నవానిపై యజమాని యొత్తిడి, వాని వలన అధ్యాపకునిపై, అధ్యాపకుని వలన బిడ్డపై. ఆ బిడ్డకు తన క్రింద ఎవరును లేరు. 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ప్రాణములు తీసికొన్నట్లు జాతీయ నేర గణాంకముల సంస్థ లెక్క. వారిలో మన కృష్ణాజిల్లా వసతి గృహముల బిడ్డలు లేరని యెవరైన నాతో ననగలరా? ప్రతి బిడ్డయు ఏదో యొక వాకిట కొంతసేపు నిలిచియే యుండును. 'తర్వాత రా' యను మాటను వినియే యుండును. మన కుటుంబములును ఇందుకు బాహ్యులము కాము. పిల్లవాని ర్యాంకు చెప్పి పెండ్లిపందిళ్లలో మీసము దువ్వినది మనమే.

ఆయిదక్కి లక్కమ్మ నిచట తలచుకొనవలెను. మారయ్య కాయకము, బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట. ఒకనాడాయన శరణుల గోష్ఠిలో మైమరచి కాయకవేళను దాటబెట్టెను. లక్కమ్మ వచ్చి గుర్తు చేసెను. ఆయన పరుగున పోయి, ఆ దినము ఎక్కువ రాలియున్న బియ్యమును మూటగట్టి తెచ్చెను. ఇంత యాశ మనకేల, తెచ్చిన చోటనే పోసి రమ్మని ఆ తల్లి భర్తను వెనుకకు పంపెను. భార్య చేతి చీవాట్లు కథలలో చాల కలవు గాని, ఎక్కువ తెచ్చినందులకు చీవాట్లు ఇదొక్కటే విన్నాను. నూటికి నూరు ఫలితమను బియ్యమును ఎవరి యిండ్ల నుండి, ఎవరి నిద్ర నుండి ఏరి మూటగట్టి తెచ్చితిమో ప్రధానోపాధ్యాయుని అడుగు లక్కమ్మ యొకతె ప్రతి బడిలోను ఉండవలెను. మా యింట నుండి నాకొకతె కలదు. ఆమె బడికి రాదు గాని రాత్రి భోజనమువేళ ఆ పని సక్రమముగా నెరవేర్చును.

మన బెజవాడకే చెందిన మహనీయుని జెప్పక ముగించుట అపచారము. పండితత్రయములో నొకరైన శ్రీపతి పండితుడు ఈ పట్టణవాసి. తక్కువ కులమువాడని లోకమెంచిన భక్తుని యింట ఆయన భుజించెనని ఊరివారు వెలివేసిరి. ఆయన యూరి నిప్పునంతయు తన యుత్తరీయమున మూటగట్టి జమ్మిచెట్టున వ్రేలాడదీసెనట. బెజవాడ పొయ్యిలన్నియు చల్లబడినవి. జనులు వచ్చి క్షమింపుమని వేడిన పిదప గాని నిప్పు తిరిగి రాలేదు. నేటి జమ్మిదొడ్డి ఆ చెట్టున్న తావేనని పెద్దలు చెప్పుదురు.

చిన్ననాట ఈ కథను మహిమగా విన్నాను. ఇప్పుడు నాకు వేరొకటి తోచుచున్నది. పక్క మనిషి కంచము దగ్గర కూర్చుండనొల్లని యూరిలో నిప్పు నిలువదు. మన రాష్ట్రమున బడులలో వండిన మధ్యాహ్న భోజనము 2003 జనవరిలో మొదలైనది. 2024 నుండి ఆ పథకమునకు గోదావరి తీరమున అన్నపూర్ణయై వెలసిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరు పెట్టిరి. పేరు మంచిదే. కాని యెన్ని బడులలో ఉపాధ్యాయులు ఆ పిల్లలతో నేల కూర్చుండి అదే అన్నము తినుచున్నారు? మా బడిలో మేము గదిలో తలుపు చేరవేసికొని మా డబ్బాలు విప్పెడివారము. గ్రుడ్ల లెక్క మాత్రము కచ్చితముగా పంపెడివారము.

ఆ యేటి నవంబరు నుండి నేను పిల్లల వరుసలో కూర్చుండి తినుట మొదలుపెట్టితిని. మొదటి వారము పిల్లలు బిగుసుకొని మాటాడలేదు. రెండవ వారము ఒక చిన్నది నా కంచములోని కూరముక్క చూపి "సార్, మీరు వంకాయ పక్కకి పెట్టేశారు" అని పట్టుకొన్నది. వంకాయ విషయమున మేము సమానులమైతిమి. పిదప వద్దన్నను మాటలు ఆగలేదు. ఎవరి తండ్రి గుంటూరు మిరప కోతకు పోయినాడు, ఎవరి యింట తాత మంచమున నున్నాడు, ఎవరికి ఏ యుపాధ్యాయుడన్న భయము - ఈ సంగతులు ఏ యాప్‌లోను నింపవలసిన గడి లేదు. నా సహోపాధ్యాయులలో ముగ్గురు వచ్చి కూర్చుండిరి. తక్కినవారు రాలేదు, నేను బలవంతపెట్టలేదు. ఉత్తరువుగా చేసిన దాసోహము దాసోహము కాదు.

ప్రధానోపాధ్యాయునకు మాత్రము చెప్పుకొనుటకు వాకిలి యేది యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అతడును పై యధికారి గుమ్మమున గంటల తరబడి నిలుచున్నవాడే. తనను నిలువబెట్టిన తీరుననే తాను పిల్లవానిని నిలువబెట్టుచున్నాడు. మఠాధిపతులు తలచుకొన్నచో ఏడాదికి రెండుమారులు తమ ప్రాంతపు ప్రధానోపాధ్యాయులను, ఏ మతమువారైనను సరే, మఠమునకు పిలిచి, పంక్తిలో కూర్చుండబెట్టి, ఉపన్యాసములు లేక, వారి మాట వినవచ్చును. ఫైలు తేవలదని ముందే చెప్పవలెను. అనుభవ మంటపమని పేరు పెట్టినను పెట్టకున్నను సరియే. మన పీఠములకు ఇది పెద్ద వ్యయము కాదు. విజయవాడలోను, గుంటూరిలోను మన సమాజమువారు పూనుకొన్నచో నేను పత్రములు వ్రాసి పంచుటకు సిద్ధముగా నున్నాను.

నేను ఆ కుర్చీ దిగి చాల నెలలైనది. క్రొత్త ప్రధానోపాధ్యాయిని వచ్చినది, సమర్థురాలు. బాధ్యతలప్పగించిన దినమున బల్ల సొరుగు ఖాళీ చేయుచుండగా నాకొక నోటుపుస్తకము దొరకెను. వరదలో తడిసి ఆరినది. కాగితములు పూరీల వలె ఉబ్బియున్నవి, అంచుల బురదచార ఇంకను పోలేదు. బడికి తిరిగివచ్చిన నాడు ఆ బాలుడు తెచ్చి నా బల్లపై పెట్టిన తెలుగు నోటుపుస్తకమది. "ఇదొక్కటీ అక్షరాలు పోలేదు సార్" అని యప్పుడు చెప్పెను. నేను దిద్ది యిచ్చెదనని తీసికొని, పనిలో పడి సొరుగులో పెట్టి మరచితిని. దానిని తీసికొని ఆ సాయంకాలమే వాని తరగతికి పోతిని. వాడప్పటికి ఎనిమిదవ తరగతి. పుస్తకమును చూచి, "ఇప్పుడు దిద్దుతారా సార్?" అని నవ్వెను. అచ్చటనే చివరి బల్లపై కూర్చుండి, గంట కొట్టు వరకు, మొదటి పుట నుండి దిద్దితిని.